గుర్రుమనే కుక్కతో పంతం పనికిరాదు

పుదుచ్చేరి బీచ్ రోడ్డు మీద సాయంత్రం ఆరు కాగానే వాహనాలు ఆపేస్తారు. మర్నాడు పొద్దున ఏడున్నర దాకా ఆ దారంతా నడిచేవాళ్లదే. గాంధీ విగ్రహం చుట్టూ పర్యాటకులు, బెలూన్ల వెంట పరిగెత్తే పిల్లలు, సుండల్ అమ్మేవాళ్లు, వాళ్ల మధ్య గొలుసుల చివర పెంపుడు కుక్కలు. లాబ్రడార్లు, రాట్‌వైలర్లు, ఈ ఉక్కపోతలో ఎందుకొచ్చాయో తెలియని హస్కీలు, అప్పుడప్పుడు పాలలాంటి తెల్ల ఒంటితో ఒక రాజపాళయం. ఎదురుగా ఓ వీధికుక్క కనిపించిందంటే చాలు, పెంపుడు కుక్క ముందరి కాళ్లు లేపి మీదికి దూకబోతుంది. యజమాని గొలుసు గుంజి గట్టిగా కసురుతాడు. పక్కనుంచి ఎవరో ఒకరు సలహా ఇస్తారు: “దానికి మీరంటే భయం లేదండీ. పెత్తనం అది చేస్తోంది. ఒక్కసారి వెల్లకిలా పడేసి అదిమిపట్టండి, దారికొస్తుంది.”

ఈ సలహా పుదుచ్చేరిలోనే కాదు, హైదరాబాద్, విజయవాడ పార్కుల్లోనూ వినిపిస్తుంది. దీని వెనకున్న సిద్ధాంతం వయసు డెబ్బై ఏళ్లు పైమాటే. దానికి పునాది వేసిన పరిశీలనను శాస్త్రవేత్తలు ఎప్పుడో పక్కన పెట్టేశారు. సలహా మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది, దాన్ని నమ్మినవాళ్లు కాట్లు తింటూనే ఉన్నారు.

తోడేళ్ల బోనులో పుట్టిన సిద్ధాంతం

స్విట్జర్లాండ్‌లోని బాసెల్ జంతుప్రదర్శనశాలలో తోడేళ్లను గమనించి రుడాల్ఫ్ షెంకెల్ 1947లో ఒక పరిశోధన పత్రం వెలువరించాడు. బంధుత్వం లేని తోడేళ్లు ఇరుకు ఆవరణలో కలిసి బతకాల్సి వచ్చినప్పుడు ఒకదాని మీద ఒకటి కలబడి, చివరకు ఒక జంట పైచేయి సాధిస్తుందని రాశాడు. అమెరికా జీవశాస్త్రవేత్త డేవిడ్ మెక్ 1970లో తోడేళ్ల మీద రాసిన పుస్తకంతో ‘ఆల్ఫా’ అనే మాట ఊరూరా పాకింది. తోడేలు కుక్కకు పూర్వీకురాలు గనక కుక్క కూడా ఇంట్లో పైచేయి కోసమే చూస్తుందని శిక్షకులు తేల్చేశారు. న్యూయార్క్ రాష్ట్రంలోని న్యూ స్కీట్ మఠం సన్యాసులు 1978లో తెచ్చిన శిక్షణ పుస్తకంతో కుక్కను వెల్లకిలా తిప్పి అదిమే పద్ధతి ఇళ్లల్లోకి వచ్చింది. తరువాతి ముద్రణలో ఆ సలహాను వాళ్లే వెనక్కి తీసుకున్నారు.

అంతకన్నా పెద్ద దిద్దుబాటు మెక్‌దే. ఆయన 1986 నుంచి ఏటా వేసవిలో కెనడా ఉత్తరాన ఎల్స్‌మియర్ దీవిలో, అడవిలో స్వేచ్ఛగా బతికే తోడేళ్ల దగ్గర గడిపాడు. అక్కడ కనిపించింది అధికారం కోసం కొట్లాడే మూక కాదు, ఓ కుటుంబం. తల్లి, తండ్రి, ఏడాది పిల్లలు, రెండేళ్ల పిల్లలు. పిల్లలు తల్లిదండ్రుల వెంట నడిచి, పెద్దవై వేరు కాపురం పెడతాయి. బోనులో జరిగినది బోను చేసిన పని. మెక్ 1999లో ఈ సంగతి పత్రంగా ప్రచురించి, తన పాత పుస్తకం ముద్రణ ఆపేయమని ప్రచురణకర్తను అడుగుతూ వచ్చాడు. చివరికి 2022లో అది ఆగింది.

అంటే కుక్కల మధ్య హెచ్చుతగ్గులే లేవా? ఉన్నాయి. నార్వే జంతుశాస్త్రవేత్త షెల్డెరుప్-ఎబ్బె 1920ల మొదట్లో కోళ్ల గుంపును గమనించి, ఏ కోడి ఏ కోడిని పొడవగలదో ఒక వరుస ఉంటుందని చూపాడు. రోమ్ శివార్లలో వీధికుక్కల మీద జరిగిన అధ్యయనాల్లోనూ అలాంటి వరుస కనబడింది. కానీ రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి, పెత్తనమనేది రెండు జంతువుల మధ్య, ఒక వస్తువు దగ్గర ఏర్పడే సంబంధం. ఎముక దగ్గర తగ్గే కుక్క, నీడ దగ్గర తగ్గకపోవచ్చు. అందుకని ‘ఇది పెత్తనం చేసే కుక్క’ అని ముద్ర వేయడానికి వీల్లేదు. రెండు, ఆ వరుస నిలబడేది పైనున్న కుక్క బాదడం వల్ల కాదు, కిందున్న కుక్క చెవులు వాల్చి, తల వంచి తనంత తానే తగ్గడం వల్ల.

మరి ఆ కోపం ఎక్కడిది?

ఇంట్లో కరిచే కుక్కల్లో ఎక్కువగా కనబడేది భయం. అమెరికాలో బార్ హార్బర్‌లోని జాక్సన్ ప్రయోగశాలలో శాస్త్రవేత్తలు స్కాట్, ఫుల్లర్ ఏళ్ల తరబడి కుక్కపిల్లలను పెంచి, 1965లో అచ్చువేసిన పుస్తకంలో ఒక కాలాన్ని గుర్తించారు: సుమారు మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా. ఆ వారాల్లో మనుషులను, పిల్లలను, తోటి కుక్కలను, శబ్దాలను చూసిన పిల్ల వాటిని మామూలుగా తీసుకుంటుంది. పద్నాలుగు వారాల దాకా మనిషి చేయి తగలకుండా పెంచిన పిల్లలు ఆ తర్వాత మనుషులను దగ్గరికి రానివ్వలేదని 1961 నాటి మరో ప్రయోగం తేల్చింది. టీకాలు పూర్తయ్యేదాకా బయటికి తీయొద్దని మనం పిల్లను గేటు లోపల పెట్టేది సరిగ్గా ఆ వారాల్లోనే. పార్వో వైరస్ సోకుతుందన్న భయం నిజమే. నేల మీద వదలకుండా చంకనెత్తుకుని వీధి చూపించడానికి, టీకాలు వేసిన కుక్కలున్న స్నేహితుల ఇంటికి తీసుకెళ్లడానికి అది అడ్డు రాదు.

రెండోది నొప్పి. తుంటి కీలు అరిగిన కుక్క, చెవిలో చీము పట్టిన కుక్క, పంటి నొప్పితో ఉన్న కుక్క ముట్టుకుంటే కరుస్తుంది. నిన్నటిదాకా సాధువుగా ఉండి ఉన్నట్టుండి మారిన కుక్కను ముందు చూడాల్సింది శిక్షకుడు కాదు, పశువైద్యుడు. పుదుచ్చేరివాళ్లకు కురుంబపేటలో రాజీవ్ గాంధీ పశువైద్య విద్యా పరిశోధన సంస్థ ఉంది, 1994 నుంచీ. చెవుడు కూడా ఓ కారణం. ఒంటి రంగు పూర్తిగా తెల్లగా ఉండే జాతుల్లో పుట్టు చెవుడు ఎక్కువ, రాజపాళయాల్లోనూ అది కనబడుతుంది. తెలుగు మాట్లాడే రాజులు స్థిరపడిన ఆ దక్షిణాది పట్టణం పేరుతోనే పిలిచే ఈ వేట, కాపలా జాతికి 2005లో తపాలా బిళ్ల గౌరవం దక్కింది. చెవిటి రాజపాళయం నిద్రలో ఉండగా వెనుక నుంచి తడితే ఉలిక్కిపడి కరవడం పొగరు కాదు.

మూడోది అనుభవం. పోస్ట్‌మన్ వస్తాడు, కుక్క మొరుగుతుంది, అతను ఉత్తరం ఇచ్చి వెళ్లిపోతాడు. కుక్క లెక్కలో తాను మొరగబట్టే వెళ్లాడు. రోజూ గెలుస్తున్న పని ఎందుకు మానుతుంది?

నాలుగోది వాతావరణం. అమెరికాలో ఎనిమిది నగరాల్లో 2009 నుంచి 2018 వరకు నమోదైన దాదాపు డెబ్బై వేల కుక్కకాట్లను 2023లో విశ్లేషిస్తే, ఎండ తీక్షణంగా ఉన్న రోజుల్లో కాట్లు 11 శాతం, వేడి ఎక్కువైన రోజుల్లో 4 శాతం పెరిగాయి. మే నెల పుదుచ్చేరిలో మిట్టమధ్యాహ్నం డాబా మీద కట్టేసిన కుక్క సంగతి చెప్పక్కర్లేదు.

జాతి మాటేమిటి? పిట్‌బుల్, రాట్‌వైలర్ సహా 23 జాతుల మీద నిషేధం సూచిస్తూ కేంద్ర పశుసంవర్ధక శాఖ 2024 మార్చిలో లేఖ పంపింది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. పద్దెనిమిది వేలకు పైగా కుక్కల ప్రవర్తన వివరాలు, రెండు వేలకు పైగా కుక్కల జన్యువులు పోల్చి 2022లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, ఒక్కో కుక్క స్వభావంలో కనిపించే తేడాల్లో జాతి వివరించగలిగేది 9 శాతమే. అయితే స్వభావం ఒకటే అయినా దవడ ఒకటి కాదు. పొమరేనియన్ కరిస్తే గాటు, రాట్‌వైలర్ కరిస్తే ఆసుపత్రి. అందుకే పెద్ద కుక్కను పెంచేవాళ్లు ఎక్కువ జాగ్రత్త పడక తప్పదు.

కరవడానికి ముందు ఏం చెబుతుంది

మొరిగే కుక్క కరవదంటారు మనవాళ్లు. ఆ నమ్మకంతో చేయి చాచకండి, మొరిగే కుక్కలూ కరుస్తాయి. బ్రిటన్ పశువైద్యురాలు కెండల్ షెపర్డ్ కుక్క హెచ్చరికలను ఒక నిచ్చెన మెట్లుగా పేర్చారు. కింది మెట్లు మనం చూసీ చూడనివి: నిద్ర రాకుండానే ఆవలించడం, ముక్కు నాక్కోవడం, మొహం తిప్పుకోవడం. తరువాత అక్కడి నుంచి తప్పుకోవడం, చెవులు వెనక్కి వాల్చి ఒదిగిపోవడం. అవేవీ పనిచేయకపోతే ఒళ్లు బిగుసుకుంటుంది, చూపు నిలిచిపోతుంది. ఆపైన గుర్రుమంటుంది, గాలిలో పళ్లు కటుక్కుమనిపిస్తుంది. అన్నిటికంటే పై మెట్టు కాటు. తోక ఊపుతోందిగా అని ధైర్యపడటమూ పొరపాటే. నడుమూ వెనుక భాగమూ కదులుతూ వదులుగా ఊగే తోక వేరు, నిటారుగా లేచి చివర మాత్రమే బిర్రుగా అదిరే తోక వేరు.

ఇప్పుడు వెల్లకిలా పడేసే సలహా దగ్గరికి వద్దాం. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ ప్రవర్తన చికిత్సాలయానికి వచ్చిన 140 మంది యజమానులను హెరన్ అనే పరిశోధకురాలి బృందం ప్రశ్నించి 2009లో ఫలితాలు ప్రచురించింది. కొట్టినా తన్నినా 43 శాతం కుక్కలు తిరగబడ్డాయి. నోట్లోది బలవంతంగా లాక్కుంటే 39 శాతం, వెల్లకిలా తిప్పి అదిమితే 31 శాతం, కళ్లలోకి గుచ్చి చూసి బెదిరిస్తే 30 శాతం. పోర్చుగల్‌లో 92 పెంపుడు కుక్కల మీద 2020లో వచ్చిన అధ్యయనంలో, దండనతో నేర్పే బడుల కుక్కల లాలాజలంలో శిక్షణ తర్వాత ఒత్తిడి హార్మోను కార్టిసాల్ ఎక్కువగా తేలింది.

కొన్ని కుక్కలు దెబ్బకు లొంగినట్టే కనిపిస్తాయి. ప్రమాదం అక్కడే ఎక్కువ. గుర్రుమన్నప్పుడల్లా దెబ్బ పడితే కుక్క గుర్రుమనడం మానేస్తుంది. లోపలి భయం అలాగే ఉంటుంది, మధ్య మెట్లు మాయమవుతాయి. ‘ఏ హెచ్చరికా లేకుండా కరిచింది’ అని ఫిర్యాదు చేసే ఇళ్లలో కొన్నిచోట్ల ఆ హెచ్చరికను కొట్టి మాన్పించింది ఇంటివాళ్లే.

బీచ్ రోడ్డు మీద పాఠం

ఎదుటి కుక్క కనబడగానే గొలుసు గుంజితే మెడ నొప్పి పుడుతుంది. పావ్‌లోవ్ కుక్కకు గంట మోగితే తిండి గుర్తొచ్చినట్టు, మన కుక్కకు ఎదుటి కుక్క కనబడితే నొప్పి గుర్తొస్తుంది. రోజూ ఇదే జరిగితే ఎదుటి కుక్క మీద పగ పెరుగుతుందే గానీ తగ్గదు. చికిత్స కూడా పావ్‌లోవ్ సూత్రమే, తిరగేసి వాడాలి.

మొదట దూరం కొలవాలి. ఎదుటి కుక్కను మనది చూస్తుంది, కానీ చెవులు ఇంకా వదులుగా ఉన్నాయి, పిలిస్తే తల తిప్పుతుంది, చేతిలోది తింటుంది. ఆ దూరం ఒక కుక్కకు పది మీటర్లు కావచ్చు, ఇంకో కుక్కకు యాభై కావచ్చు. పుదుచ్చేరిలోని ఫ్రెంచ్ వీధులు గీత గీసినట్టు తిన్నగా ఉండటం ఇక్కడ పనికొస్తుంది, దూరం నుంచే కనబడుతుంది. మూలమలుపుల దగ్గర మాత్రం గోడవార కాకుండా వీధి మధ్యకు జరిగి తిరగాలి. ఎదుటి కుక్క కనబడ్డ క్షణం నుంచి వేలి గోరంత ఉడికించిన కోడిమాంసం ముక్కలు ఒక్కొక్కటే పెడుతూ ఉండాలి. అది మలుపు తిరిగి కనుమరుగు కాగానే ముక్కలు ఆగిపోవాలి. వరుస ముఖ్యం: ముందు కుక్క, తర్వాత మాంసం. కొన్ని రోజులకు మన కుక్క ఎదుటి కుక్కను చూసి, తనంతట తానే మన మొహం వైపు తిరుగుతుంది. అప్పుడే రెండడుగులు దగ్గర కావాలి. ముక్క తినలేదంటే మనం మరీ దగ్గరకొచ్చామని అర్థం. తిట్టక్కర్లేదు, వెనక్కి తిరిగి నడవాలి.

నిన్న పది మీటర్ల దగ్గర నెమ్మదిగా ఉన్న కుక్క ఇవాళ ముప్పై దగ్గరే రెచ్చిపోతే ఆశ్చర్యపోనక్కర్లేదు. పొయ్యి మీద పాలు కాగుతూ కాగుతూ చివరి మంటకు పొంగినట్టు, రోజంతా చేరిన ఒత్తిళ్లు ఒకచోట బయటపడతాయి. పొద్దున శవయాత్రలో పేల్చిన టపాసులు, మధ్యాహ్నం ఉక్క, సాయంత్రం కొత్త చుట్టాలు, ఆపైన వీధికుక్క. మాసి మగం పండుగ నాడు వైత్తికుప్పం తీరానికి డప్పులతో ఉత్సవ విగ్రహాలు వచ్చేటప్పుడు, దీపావళికి, కొత్త సంవత్సరం రాత్రి ఇలాంటి కుక్కకు షికారు మానేయడమే శిక్షణ.

ఆదేశాల్లో ఇల్లంతా ఒక మాట మీద ఉండాలి. యానాం నుంచి వచ్చి స్థిరపడిన ఇంట్లో అమ్మమ్మ ‘కూర్చో’ అంటుంది, పిల్లలు ‘సిట్’ అంటారు, పనిమనిషి తమిళంలో ‘ఉక్కారు’ అంటుంది. కుక్కకు భాషాభేదం లేదు, కానీ పనికో శబ్దం కావాలి. మాట ఏదైనా ఒకటే ఎంచుకోండి.

అన్నం గిన్నె దగ్గర

గిన్నె దగ్గరికి వెళితే గుర్రుమనే కుక్క ఇంకో పాత ఫిర్యాదు. ‘తినేటప్పుడు గిన్నె లాక్కోండి, ఎవరు యజమానో తెలుస్తుంది’ అనేవాళ్లున్నారు. కుక్కకు తెలిసేది ఒకటే: మనిషి వస్తే అన్నం పోతుంది. ఈసారి ఇంకా ముందే గుర్రుమంటుంది.

మనిషి వస్తే అన్నం పెరుగుతుందని నేర్పడమే దీనికి విరుగుడు. కుక్క తన మామూలు పెరుగన్నం తింటుండగా, అది తల ఎత్తని దూరంలో, అంటే నాలుగైదు అడుగుల అవతల నడుస్తూ ఒక మాంసం ముక్క గిన్నె దగ్గర పడేట్టు విసిరి ఆగకుండా వెళ్లిపోవాలి. పూటకు నాలుగైదు సార్లు చాలు. మన అడుగుల చప్పుడుకి తోక వదులుగా ఊపి ఎదురు చూడటం మొదలయ్యాక అర అడుగు దగ్గర కావాలి. ఒళ్లు బిగుసుకుందంటే మళ్లీ పాత దూరానికి. పెద్దవాళ్లలో ఒకరితో కుదిరాకే రెండో మనిషి. పిల్లలతో ఈ సాధన ఎప్పుడూ చేయించకూడదు. వాళ్లకు చెప్పాల్సింది ఒక్కటే, తినే కుక్క జోలికి, పడుకున్న కుక్క జోలికి పోవద్దని. చెప్పు కరచుకుపోయినా ఇదే సూత్రం. వెంటపడి లాక్కోకుండా అంతకన్నా ఇష్టమైనది చూపించి మార్పిడి చేసుకోవాలి.

అదుపు, చట్టం, టీకా

ఇదంతా ఫలించడానికి నెలలు పడుతుంది. ఈలోగా ఎవరూ కాటు తినకూడదు. చుట్టాలు వచ్చినప్పుడు కుక్క వేరే గదిలో ఉండాలి. గేటుకు గొళ్లెం కాక తాళం ఉండాలి. మెడ బెల్టు బదులు ఛాతీకి తగిలించే హార్నెస్ మేలు. ఎద్దుకు కట్టినట్టు కుక్కకూ మూతి చిక్కం వేయడం అవమానమని కొందరి బాధ. బుట్టలా వెడల్పుగా ఉండి, నోరు తెరిచి రొప్పడానికి, నీళ్లు తాగడానికి వీలిచ్చే రకం కొని, లోపల పెరుగు రాసి ఆడుతూ పాడుతూ అలవాటు చేస్తే అది శిక్ష అనిపించదు. నోరు కదలకుండా బిగించే గుడ్డ రకం మాత్రం ఈ ఎండల్లో ప్రాణాంతకం, కుక్క ఒంటి వేడి తగ్గేది ప్రధానంగా రొప్పడం వల్లే. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే సరిపోతుందని కూడా అనుకోవద్దు. మగ కుక్కలు ఊరు తిరగడం, అక్కడా ఇక్కడా మూత్రం పోయడం తగ్గుతాయి గానీ భయంతో కరిచే అలవాటు దానితో పోదు. బాగా ముదిరిన భయానికి ఫ్లూయాక్సెటిన్ వంటి మందులున్నాయి, పశువైద్యుడు రాస్తేనే వాడాలి, శిక్షణతో కలిపే వాడాలి.

చట్టం రెండు వైపులా ఉంది. పెంపుడు జంతువు వల్ల మనుషులకు హాని కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, ఐదు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. జంతువును కొట్టి హింసించినా, పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేసినా 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం.

ఒక హెచ్చరిక అన్నిటికన్నా ముందుంటుంది. టీకా వేయని కుక్క ఉన్నట్టుండి మారిపోయి కనబడినదాన్నల్లా కరుస్తుంటే, చొంగ కారుస్తుంటే అది రేబిస్ కావచ్చు. దానికి శిక్షణ లేదు. దేశంలో ఏటా రేబిస్‌తో సుమారు 5,700 మంది చనిపోతున్నారని, జంతువుల కాట్లు 90 లక్షలకు పైనే ఉంటాయని 2022–23 సర్వే ఆధారంగా భారత వైద్య పరిశోధన మండలి శాస్త్రవేత్తలు అంచనా కట్టారు. ఏ కుక్క కరిచినా, పెంపుడుదైనా సరే, గాయాన్ని సబ్బుతో, పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పూయొద్దు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టాలి. చర్మం లోపలి పొరలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు తర్వాత 3, 7, 28 రోజులకు మళ్లీ వేస్తారు. రక్తం వచ్చేలా కరిస్తే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఎక్కించాలి. మీ కుక్కకు మూడు నెలల వయసులో రేబిస్ టీకా వేయించి, ఏటా బూస్టర్ తప్పకుండా వేయించండి.

కుక్క గుర్రుమన్నప్పుడు చేయి ఎత్తకండి, ఒక అడుగు వెనక్కి వేయండి. అది దేనికి గుర్రుమందో, ఎంత దూరంలో గుర్రుమందో, ఆ పూట ఎండెంతో, ఒంట్లో ఎక్కడైనా నొప్పుందో ఒక కాగితం మీద రాసుకోండి. వారం రోజుల ఆ కాగితాన్ని పశువైద్యుడి ముందు పెట్టండి. చికిత్స మొదలయ్యేది అక్కడి నుంచే.